సముద్రం గీసిన గీత, చట్టం నిలిపిన గీత: అనిస్ మోన్ నియోజకవర్గం

బ్రిటన్ పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభకు వేల్స్ నుంచి ఇప్పుడు 32 మంది సభ్యులు ఎన్నికవుతున్నారు. 2024 జులై ఎన్నికల ముందు వరకు ఆ సంఖ్య 40. ఒకేసారి ఎనిమిది స్థానాలు తగ్గడంతో వేల్స్ ఎన్నికల పటాన్ని దాదాపు మొత్తంగా మళ్లీ గీయవలసి వచ్చింది. ఏళ్ల తరబడి జనం నోళ్లలో నానిన పేర్లు కొన్ని పోయాయి, పెద్దగా రాకపోకలు లేని ప్రాంతాలు ఒకే స్థానం కిందికి వచ్చాయి. ఇంత కదలికలోనూ వాయవ్య మూలన ఉన్న ఒక స్థానం మాత్రం పేరుతో, సరిహద్దుతో సహా ఉన్నచోటే ఉండిపోయింది. అదే అనిస్ మోన్. ఇంగ్లీషులో యాంగిల్సీ అని పిలిచే దీవికి వెల్ష్ భాషలో ఉన్న పేరు ఇది. 1983 నుంచి నియోజకవర్గానికి అధికారిక నామం కూడా ఇదే.

దీవి కాబట్టి సరిహద్దు మారలేదని సాధారణంగా చెబుతారు. వినడానికి సబబుగానే ఉన్నా అందులో సగమే నిజం ఉంది. సముద్రం ఎప్పుడూ అక్కడే ఉంది. దాన్ని ఎన్నికల సరిహద్దుగా ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం ఒక్కో కాలంలో ఒక్కో కారణం మీద తేలింది. ఒకప్పుడు కౌంటీ అన్న హోదా పనికివచ్చింది, మరొకప్పుడు జనాభా లెక్కలో కొద్దిపాటి మిగులు అక్కరకు వచ్చింది, చివరికి చట్టంలో పేరు పెట్టి రాసిన ఒక నిబంధన ఆదుకుంది. ఈ ఆసరాలు సకాలంలో దొరకకపోయి ఉంటే ఈ స్థానం ఎదుటి ఒడ్డున ఉన్న ఏదో ఒక పట్టణంతో కలిసిపోయి ఉండేది.

ముందుగా స్థలం సంగతి. దీవి విస్తీర్ణం సుమారు 715 చదరపు కిలోమీటర్లు. మెనాయ్ జలసంధి దాన్ని వేల్స్ ప్రధాన భూభాగం నుంచి వేరు చేస్తుంది. జలసంధి మీద రెండు వంతెనలు ఉన్నాయి: థామస్ టెల్ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన 1826లో, రాబర్ట్ స్టీఫెన్సన్ కట్టిన బ్రిటానియా రైలు వంతెన 1850లో మొదలయ్యాయి. రెండోది 1970లో అగ్నిప్రమాదానికి గురయ్యాక పునర్నిర్మాణంలో పైఅంతస్తుగా రోడ్డు కూడా చేరింది. పడమటి అంచున హోలీ ఐలండ్ అనే చిన్న దీవి పెద్ద దీవికి అతుక్కున్నట్టు ఉంటుంది. ఐర్లండ్‌కు ఓడలు వెళ్లే హోలీహెడ్ రేవు దాని మీదే ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనాభా 69 వేలకు కాస్త అటూ ఇటూ, అందులో సగానికి పైగా వెల్ష్ మాట్లాడేవారు. ఈ భూభాగమంతా కలిపి ఒకే నియోజకవర్గం. సరిహద్దు ఏదని అడిగితే తీరం వెంట వేలు తిప్పి చూపిస్తే చాలు, వివరించవలసిన వాగులూ రోడ్లూ వార్డులూ ఏమీ లేవు.

వేల్స్‌కు పార్లమెంటులో ప్రాతినిధ్యం ఎనిమిదో హెన్రీ కాలంలో, 1535, 1542 చట్టాలతో వచ్చింది. వేల్స్‌ను ఇంగ్లండ్ పాలనావ్యవస్థలో కలిపేసిన ఆ చట్టాలు చాలా వరకు ఒకే కొలత పాటించాయి: కౌంటీకి ఒక సభ్యుడు, కౌంటీ ముఖ్యపట్టణానికి మరొక సభ్యుడు. ఆ లెక్కన యాంగిల్సీకి ఇద్దరు దక్కారు. కౌంటీ సభ్యుడి విషయంలో పేచీ లేదు. పట్టణ సభ్యుడి దగ్గరే ఈ దీవి చరిత్రలోని ఒక చేదు మలుపు ఉంది.

మొదటి ఎడ్వర్డ్ 1295లో దీవి తూర్పు తీరాన బ్యూమారిస్ కోట కట్టడం మొదలుపెట్టినప్పుడు ఆ పక్కనే లాన్‌వైస్ అనే బాగా కలిగిన వెల్ష్ రేవు ఊరు ఉండేది. కోటకూ, కోట చుట్టూ వెలిసే ఇంగ్లీషు పట్టణానికీ అది అడ్డమని అక్కడి జనాన్ని దీవి రెండో చివరకు తరలించారు. వాళ్లకోసం ఏర్పడిన ఊరే న్యూబరో. రెండున్నర శతాబ్దాల తరవాత పార్లమెంటు స్థానం వచ్చేసరికి కౌంటీ ముఖ్యపట్టణం హోదా ఆ న్యూబరోకే ఉంది. ఆ రోజుల్లో సభ్యుడి భత్యం అతన్ని ఎన్నుకున్న ఊళ్లే భరించాలి. ఇసుక మేటలతో చితికిపోతున్న న్యూబరోకు అది భారమైంది. 1549లో వచ్చిన చట్టం ముఖ్యపట్టణం హోదాను బ్యూమారిస్‌కు మార్చి, భత్యంలో వాటా ఇచ్చే బాధ్యత నుంచి న్యూబరోను తప్పించింది. దాంతో పాటే అక్కడి ఓటూ జారిపోయింది. ఏ కోట కోసం తమ పూర్వీకులను ఊరు ఖాళీ చేయించారో ఆ కోట పట్టణానికే ప్రాతినిధ్యం కూడా దఖలు పడిందన్న మాట. 18వ శతాబ్దంలో న్యూబరో వాసులు తమ హక్కు తిరిగి కావాలని పోరాడినా కామన్స్ సభ బ్యూమారిస్ పక్షానే నిలిచింది.

బ్యూమారిస్‌లోనైనా జనమంతా ఓటు వేశారా అంటే అదీ లేదు. ఓటు హక్కు పురపాలక మండలి సభ్యులకే పరిమితం. వారి సంఖ్య 24. ఆ ఇరవై నలుగురిలో ఖాళీ ఏర్పడితే కొత్తవారిని ఎంచుకునేదీ వాళ్లే. బారన్ హిల్ భవనంలో నివసించే బల్క్‌లీ కుటుంబం చెప్పినవారే మండలిలోకి వచ్చేవారు, వాళ్లు చెప్పినవారే పార్లమెంటుకు వెళ్లేవారు. మెనాయ్ ఒడ్డున ప్లాస్ న్యూవిద్ భవనం నుంచి మరో పెద్ద కుటుంబం, పేజెట్లు, 18వ శతాబ్దం చివరి నుంచి కౌంటీ స్థానాన్ని తమ గుప్పిట్లో ఉంచుకున్నారు. వాటర్లూ యుద్ధంలో కాలు పోగొట్టుకుని మార్క్విస్ ఆఫ్ యాంగిల్సీ బిరుదు పొందిన హెన్రీ పేజెట్ ఈ కుటుంబం వాడే. దీవి ఒకటి, స్థానాలు రెండు, వాటి వెనక కుటుంబాలు రెండు. సరిహద్దుల చర్చకు అప్పట్లో తావే లేదు, ఎందుకంటే ఓటర్ల జాబితా ఒక భోజనాల బల్ల చుట్టూ పట్టేంత చిన్నది.

1832 సంస్కరణ చట్టం ఈ పరిస్థితిని కొంత సడలించింది. బ్యూమారిస్ స్థానంలోకి అమ్లుఖ్, హోలీహెడ్, లాంగెవ్ని పట్టణాలను కూడా చేర్చి, నాలుగు పట్టణాల సమూహానికి ఒక సభ్యుణ్ని కేటాయించారు. ఆ నాలుగు పేర్లు చూస్తే ఆనాటి దీవి జీవితం ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. 18వ శతాబ్దం చివర ప్రపంచంలోనే పెద్ద రాగి గనుల్లో ఒకటిగా పేరుపడ్డ పారిస్ కొండ పక్కన పెరిగిన రేవు అమ్లుఖ్. లండన్ నుంచి డబ్లిన్‌కు తపాలా వెళ్లే దారిలో ఆఖరి మజిలీ హోలీహెడ్. దీవి నడిమధ్యన పశువుల సంత జరిగే ఊరు లాంగెవ్ని. ఇలా విడివిడిగా ఉన్న పట్టణాలను ఒకే స్థానంగా కట్టే పద్ధతి వేల్స్‌లో అప్పటికే విరివిగా ఉంది. భౌగోళికంగా చూస్తే అది గీత లేని నియోజకవర్గం: కౌంటీ అనే పెద్ద స్థానం మధ్యలో నాలుగు చుక్కల్లా ఉన్న చిన్న స్థానం. 1832లో పొరుగున ఉన్న డెన్‌బీ వంటి కొన్ని వెల్ష్ కౌంటీలకు రెండో సభ్యుణ్ని ఇచ్చారు గానీ యాంగిల్సీ కౌంటీకి పాత ఒక్కరే మిగిలారు.

1885లో స్థానాల పునఃపంపిణీ చట్టం వచ్చి బ్యూమారిస్ పట్టణాల స్థానాన్ని రద్దు చేసింది. నాలుగు పట్టణాలూ కౌంటీ స్థానంలో కలిసిపోయి దీవి మొత్తం ఒకే నియోజకవర్గమైంది. నేటి సరిహద్దు అప్పటిదే. అంటే 140 ఏళ్లుగా గీత మారలేదని చెప్పుకునే ఈ స్థానం పుట్టుకే ఒక కోతతో జరిగింది. దీవికి ఉన్న ఇద్దరు సభ్యుల్లో ఒకరిని తీసేస్తేనే ఈ చక్కటి ఏకత్వం వచ్చింది.

తరవాతి గండం 1918 నాటిది. ఓటు హక్కు విస్తరణతో పాటు స్థానాలను జనాభా ప్రాతిపదికన మళ్లీ పంచాలని నిర్ణయించినప్పుడు సరిహద్దుల సంఘాలకు ఇచ్చిన సూచనల్లో ఒకటి స్పష్టంగా ఉంది: 50 వేల కంటే తక్కువ జనాభా ఉన్న కౌంటీ గానీ పట్టణం గానీ విడి ప్రాతినిధ్యం కోల్పోవాలి. 1911 లెక్కల్లో యాంగిల్సీ జనాభా సుమారు 51 వేలు. ఒక్క వెయ్యి మంది మిగులుతో దీవి గట్టెక్కింది. ఆ హద్దుకు దిగువన ఉన్న మెరియోనిత్ కౌంటీ విషయంలో సంఘం పట్టువిడుపు చూపిన మాట వాస్తవమే, అందువల్ల యాంగిల్సీ సంఖ్య తగ్గి ఉంటే స్థానం తప్పక పోయేదని గట్టిగా చెప్పలేం. అయినా సముద్రం చుట్టూ ఉందన్న వాదన అవసరమే రాకుండా పని జరిగిపోయింది. కౌంటీ అన్న హోదా, దానికి చాలినంత జనం. అప్పటి నిబంధన అడిగింది ఆ రెండే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ నిలకడ ఎంత అరుదైనదో తెలియాలంటే జలసంధికి అవతల ఉన్న బాంగోర్ పట్టణాన్ని చూడాలి. దీవి ఒడ్డున నిలబడితే బాంగోర్ ఇళ్లు కంటికి కనబడతాయి. 1950 వరకు ఆ పట్టణం కార్నార్వన్ పట్టణాల స్థానంలో ఉండేది. ప్రధానమంత్రి డేవిడ్ లాయిడ్ జార్జ్ 1890 నుంచి 1945 వరకు గెలుస్తూ వచ్చిన స్థానం అదే. అది రద్దయ్యాక బాంగోర్ కాన్వే నియోజకవర్గంలోకి వెళ్లింది. 2010లో ఆ స్థానం కూడా పోయి, బాంగోర్, కార్నార్వన్ పట్టణాలతో ఆర్వన్ అనే కొత్త స్థానం ఏర్పడింది. 2024లో ఆర్వన్ సైతం రద్దయి బాంగోర్ అబర్‌కాన్వీ వచ్చింది. డెబ్బై అయిదేళ్లలో బాంగోర్ ఓటరు నాలుగు నియోజకవర్గాల పేర్లు నేర్చుకోవలసి వస్తే, కిలోమీటరు కూడా వెడల్పు లేని నీటికి ఇవతల మెనాయ్ బ్రిడ్జ్ పట్టణంలో ఉన్న ఓటరుకు మారింది యాంగిల్సీ అన్న మాట స్థానంలో అనిస్ మోన్ మాత్రమే.

కౌంటీ హోదా ఆసరాగా నిలిచిందని పైన అన్నాం. ఆ హోదా కూడా శాశ్వతంగా లేదు. 1974లో స్థానిక పాలన పునర్వ్యవస్థీకరణలో యాంగిల్సీ కౌంటీ రద్దయి, జలసంధికి రెండు వైపులా విస్తరించిన గ్వినెద్ అనే పెద్ద కౌంటీలో ఒక జిల్లాగా మిగిలింది. 1996లో మళ్లీ స్వతంత్ర కౌన్సిల్ వచ్చింది. మధ్యలో ఉన్న 22 ఏళ్లలో కౌంటీ సరిహద్దు నీటిని దాటి కొండల్లోకి పోయినా నియోజకవర్గం సరిహద్దు తీరం దగ్గరే ఆగింది. 1983లో వేల్స్ స్థానాల సంఖ్యను 36 నుంచి 38కి పెంచుతూ చేసిన సవరణ ఈ కాలంలోనే వచ్చింది. ఆనాటి నిబంధనల్లో ఓటర్ల సగటు అనేది అనేక ప్రమాణాల్లో ఒకటి మాత్రమే. విస్తీర్ణం, ఆకారం, రాకపోకల సౌకర్యం వంటి ప్రత్యేక భౌగోళిక కారణాలు ఉంటే సంఘం ఆ సగటును పక్కన పెట్టవచ్చు. 1944 నాటి చట్టం నుంచే వేల్స్‌కు కనీసం 35 స్థానాలు ఉండాలన్న హామీ కూడా ఉండేది. 1997లో స్థానాలు 40 అయ్యాయి. అలా చూస్తే దీవికి ఆ దశాబ్దాలన్నీ నిశ్చింతగా గడిచాయి.

సరిహద్దు స్థిరంగా ఉన్న ఈ స్థానంలో రాజకీయం మాత్రం స్థిరంగా లేదు, అయితే ఆ అస్థిరతకూ ఒక పద్ధతి ఉంది. 1929లో లాయిడ్ జార్జ్ కుమార్తె మేగన్ లాయిడ్ జార్జ్ లిబరల్ పార్టీ తరఫున ఇక్కడ గెలిచి, వేల్స్ నుంచి పార్లమెంటుకు వెళ్లిన తొలి మహిళ అయ్యారు. 1945 వరకు జలసంధికి ఒక ఒడ్డున తండ్రి, మరో ఒడ్డున కూతురు ప్రతినిధులుగా ఉన్నారు. 1951లో హోలీహెడ్‌లో పుట్టిన లేబర్ అభ్యర్థి క్లెడ్విన్ హ్యూస్, అంతకు ముందు రెండుసార్లు ఓడిన తరవాత, సుమారు 600 ఓట్ల తేడాతో ఆమెను ఓడించారు. హ్యూస్ 28 ఏళ్లు కొనసాగి, వేల్స్ వ్యవహారాల మంత్రిగా, వ్యవసాయ మంత్రిగా పనిచేసి 1979లో విరమించారు. ఆయన తప్పుకోగానే కన్సర్వేటివ్ అభ్యర్థి కీత్ బెస్ట్ గెలిచారు. ప్రైవేటు పరం చేసిన బ్రిటిష్ టెలికాం షేర్లకు ఒకటికి మించి దరఖాస్తులు పెట్టిన వ్యవహారంలో చిక్కుకుని బెస్ట్ 1987లో పోటీ నుంచి వైదొలగగా వెల్ష్ జాతీయవాద పార్టీ ప్లయిడ్ కమ్రికి చెందిన యెయాన్ విన్ జోన్స్ గెలిచారు. వేల్స్ శాసనసభ మీద దృష్టి పెట్టేందుకు ఆయన 2001లో తప్పుకున్నప్పుడు లేబర్ అభ్యర్థి ఆల్బర్ట్ ఓవెన్ 800 ఓట్ల ఆధిక్యంతో స్థానాన్ని చేజిక్కించుకున్నారు. 2015లో ఓవెన్ ఆధిక్యం 229కి పడిపోయినా ఓడిపోలేదు. 2019లో ఆయన విరమించాక కన్సర్వేటివ్ అభ్యర్థి వర్జీనియా క్రాస్బీ 1,968 ఓట్ల తేడాతో గెలిచారు.

ఈ వరసలో గమనించవలసింది ఒకటి ఉంది. 1951 తరవాత 2024 దాకా ఇక్కడ పోటీలో నిలిచిన సిట్టింగ్ ఎంపీ ఎవరూ ఓడలేదు. పార్టీ మారినప్పుడల్లా పాత సభ్యుడు తప్పుకోవడం వల్లే మారింది. రెండో ప్రపంచయుద్ధం తరవాత నాలుగు వేర్వేరు పార్టీలను గెలిపించిన స్థానాలు బ్రిటన్‌లో అరుదు. అలాంటి చోట సభ్యుణ్ని వదులుకోకపోవడం పార్టీ మీద అభిమానంతో జరిగే పని కాదు. సరిహద్దు మారకపోవడానికీ దీనికీ సంబంధం ఉందనిపిస్తుంది. నియోజకవర్గం, కౌన్సిల్, స్థానిక పత్రికలు, వ్యవసాయ ప్రదర్శన అన్నీ ఒకే ఆవరణలో ఉన్నప్పుడు అయిదేళ్లు పనిచేసిన సభ్యుడి ముఖం ప్రతి ఊరికీ తెలుస్తుంది. పైగా ఇక్కడి ప్రధాన సమస్యలన్నీ దీవికే ప్రత్యేకమైనవి: 1971 నుంచి 2015 వరకు నడిచిన విల్వా అణు విద్యుత్ కేంద్రం, దాని విద్యుత్తుపై ఆధారపడి 2009లో మూతపడ్డ హోలీహెడ్ అల్యూమినియం కర్మాగారం, కొత్త అణు కేంద్రం కడతామని వచ్చి 2020లో పూర్తిగా వైదొలగిన హిటాచీ. వీటిపై ఎంపీ ఏం చేశాడన్నదే ప్రశ్న అయినప్పుడు పార్టీ రంగు వెనక్కి పోతుంది.

ఇక 2011. కన్సర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్ల సంకీర్ణ ప్రభుత్వం తెచ్చిన చట్టం పాత ప్రమాణాల వరసను తలకిందులు చేసింది. కామన్స్ స్థానాలను 650 నుంచి 600కు తగ్గించాలి. ప్రతి నియోజకవర్గంలో ఓటర్ల సంఖ్య దేశవ్యాప్త సగటుకు అయిదు శాతం అటూ ఇటూ మాత్రమే ఉండాలి. కౌంటీలు, భూగోళం, అనుబంధాలు అన్నీ ఆ అయిదు శాతానికి లోబడే చూడాలి. వేల్స్‌కు ఉన్న 35 స్థానాల హామీ పోయింది. మినహాయింపులు కొద్ది చోట్లకే దక్కాయి: స్కాట్లండ్‌లో ఆర్క్నీ, షెట్లండ్ దీవులకు ఒక స్థానం, పశ్చిమ దీవులకు ఒక స్థానం, ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఐల్ ఆఫ్ వైట్‌కు రెండు స్థానాలు. యాంగిల్సీకి మినహాయింపు లేదు.

ఐల్ ఆఫ్ వైట్‌కు ఇచ్చి యాంగిల్సీకి ఇవ్వకపోవడానికి పైకి కనిపించే తేడా వంతెన. ఐల్ ఆఫ్ వైట్‌కు ఓడ మీదే వెళ్లాలి. యాంగిల్సీకి రోడ్డూ రైలూ ఉన్నాయి. టెల్ఫర్డ్ ఇంజినీరింగ్ నైపుణ్యం రెండు శతాబ్దాల తరవాత ఆ దీవికే ఎదురు సాక్ష్యంగా నిలిచింది. ఇంకొక తేడా సంఖ్యలది. ఐల్ ఆఫ్ వైట్‌లో సుమారు లక్షా పది వేల మంది ఓటర్లు ఉన్నారు, ఒక స్థానానికి ఎక్కువ, రెండింటికి తక్కువ. అనిస్ మోన్‌లో సుమారు 50 వేలు, ఒక స్థానానికే చాలరు. మొదటి దీవిని కాపాడితే దానికి స్థానాలు పెరుగుతాయి, రెండో దానిని కాపాడితే తక్కువ మందికి ఒక పూర్తి స్థానం ఇచ్చినట్టవుతుంది. సమానత్వాన్ని గురిగా పెట్టుకున్న చట్టానికి రెండూ మినహాయింపులే, అయినా ఒకదాన్ని దిగమింగడం తేలికైంది.

ఆ చట్టం కింద సరిహద్దుల సంఘం వేల్స్ పటాన్ని రెండుసార్లు గీసింది. మొదటిసారి సగటు 76,641 ఓటర్లు, వేల్స్‌కు 30 స్థానాలు. రెండోసారి సగటు 74,769, వేల్స్‌కు 29. రెండుసార్లూ దీవిని జలసంధి దాటించి బాంగోర్ వైపు ప్రాంతంతో కలిపారు. 2012 నాటి ప్రతిపాదనలో ఆ స్థానం పేరు మెనాయ్ ఆక్ అనిస్ మోన్. రెండు పటాలూ కాగితం దాటి బయటికి రాలేదు, అయితే అందుకు కారణం దీవి వాదన కాదు. పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ సంస్కరణ విషయంలో సంకీర్ణ భాగస్వాముల మధ్య పొరపొచ్చాలు రావడంతో లిబరల్ డెమొక్రాట్లు ప్రతిపక్షంతో చేయి కలిపి 2013లో మొదటి సవరణను వాయిదా వేయించారు. 2018లో తుది నివేదికలు అందిన రెండో సవరణను బ్రెగ్జిట్ గొడవల మధ్య ప్రభుత్వాలు ఓటింగుకు పెట్టనే లేదు. బ్రిటన్ పార్లమెంటు కొలువున్న వెస్ట్‌మినిస్టర్‌లో తమతో సంబంధం లేని కలహాల పుణ్యమా అని అనిస్ మోన్ రెండుసార్లు బతికింది.

2020లో కొత్త చట్టం వచ్చింది. 600 స్థానాల ఆలోచనను విరమించి 650కే కట్టుబడినా అయిదు శాతం నిబంధనను అలాగే ఉంచారు. కామన్స్ కమిటీ దశలో రక్షిత స్థానాల జాబితాలో అనిస్ మోన్‌ను చేర్చే సవరణను ప్రభుత్వం అంగీకరించింది. అంతకు ముందు ఏడాదే ఆ స్థానం తొలిసారి గెలిచిన క్రాస్బీ దానికోసం గట్టిగా వాదించారు. 2011లో ఎంపీ ప్రతిపక్షం వారు, మినహాయింపు దక్కలేదు. 2020లో ఎంపీ అధికారపక్షం వారు, దక్కింది. దీన్ని ఒట్టి కాకతాళీయం అనుకోవడం కష్టం. అలాగని ఇది రాజకీయ లబ్ధి కోసమే చేశారని కొట్టిపారేయడమూ సరికాదు, ఎందుకంటే దీవి తనంతట తానుగా ఒక స్థానం కావాలన్న మాటను స్థానికంగా అన్ని పార్టీలూ ముందునుంచీ అంటూనే ఉన్నాయి. వాదన పాతదే, వినే చెవి మారింది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 2020 మార్చి 2 నాటి ఓటర్ల జాబితాల ఆధారంగా సగటు 73,393గా తేలింది. అంటే మామూలు స్థానంలో 69,724కు తగ్గకుండా, 77,062కు మించకుండా ఓటర్లు ఉండాలి. అనిస్ మోన్‌లో ఉన్నది 52 వేల చిల్లర. దీవిని పక్కన పెట్టాక వేల్స్‌లో మిగిలిన ఓటర్లు దాదాపు 22 లక్షల 70 వేలు. దాన్ని సగటుతో భాగిస్తే 30.9, అందుకే 31 స్థానాలు, దీవితో కలిపి 32. ఆ 31 స్థానాలూ నిబంధనకు పూర్తిగా లోబడినవే.

ఆ నిబంధన బరువు ఎవరి మీద పడిందో చూడటానికి మళ్లీ జలసంధి అవతలికే పోవాలి. ఆర్వన్‌లో సుమారు 42 వేల మంది ఓటర్లు ఉండేవారు. బ్రిటన్ ప్రధాన భూభాగంలో అంతకంటే చిన్న నియోజకవర్గం లేదు. స్నోడన్ కొండల అంచున పలకరాతి గనుల ఊళ్లు, వెల్ష్ భాష దట్టంగా వినిపించే వీధులు, కొండకూ కడలికీ మధ్య ఇరుకైన తీరం. విడి స్థానంగా ఉండటానికి సంస్కృతి పరంగా, భూగోళం పరంగా ఆర్వన్ చెప్పుకోగల కారణాలు అనిస్ మోన్ కారణాల కంటే బలహీనమైనవేమీ కావు. అయినా ఆర్వన్‌ను రెండు ముక్కలు చేశారు: కార్నార్వన్ వైపు భాగం దక్షిణాన విశాలమైన ద్వివోర్ మెయిరియొనిద్‌లోకి, బాంగోర్ వైపు భాగం తూర్పున అబర్‌కాన్వీతో కలిసి కొత్త స్థానంలోకి వెళ్లాయి. నీళ్లు అడ్డం ఉంటే చట్టం ఆగింది, కొండలు అడ్డం ఉంటే ఆగలేదు. మంచు పడ్డ రోజున కనుమ దాటడం కంటే వంతెన దాటడం సులువన్న సంగతి చట్టం లెక్కలోకి రాలేదు. దీవులకు ఉన్న ఆకర్షణ అదేనేమో. పటం మీద చూడగానే విడిగా కనిపిస్తాయి, వాటికోసం వాదించడానికి ఒక్క వాక్యం చాలు.

భారతదేశంలోనూ ఇలాంటి అసమానత లేకపోలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో లక్షద్వీప్ స్థానంలో ఓటర్లు 58 వేలలోపే. అదే ఎన్నికల్లో తెలంగాణలోని మల్కాజ్‌గిరిలో 37 లక్షలు దాటారు. లక్షద్వీప్‌కు స్థానం కేంద్రపాలిత ప్రాంతం కావడం వల్ల వచ్చింది, మల్కాజ్‌గిరి ఉబ్బడం పునర్విభజన ఆగిపోవడం వల్ల జరిగింది. బ్రిటన్ తేడాలు వీటి ముందు చాలా చిన్నవి. అంత చిన్న తేడాను కూడా చట్టంలో పేరు రాసి ఒప్పుకోవలసి వచ్చిందంటే అక్కడి అయిదు శాతం నిబంధన ఎంత కచ్చితమైనదో ఊహించవచ్చు.

2024 జులైలో ఆ రక్షిత సరిహద్దుల లోపల జరిగిన మొదటి ఎన్నికలో వర్జీనియా క్రాస్బీ 9,953 ఓట్లతో ఓడిపోయారు. అప్పటివరకు దీవి కౌన్సిల్‌కు నాయకత్వం వహించిన ప్లయిడ్ కమ్రి అభ్యర్థి లినోస్ మెది 10,590 ఓట్లతో, 637 ఆధిక్యంతో గెలిచారు. దేశమంతా లేబర్ గాలి వీచిన ఆ ఏడాది ఇక్కడ లేబర్ మూడో స్థానంలో నిలిచింది. 1951లో మేగన్ లాయిడ్ జార్జ్ తరవాత ఈ దీవి ఓటర్లు ఓడించిన సిట్టింగ్ ఎంపీ క్రాస్బీయే. సరిహద్దును బాంగోర్ దాకా జరిపి ఉంటే ఫలితం ఎలా ఉండేదో చెప్పలేం గానీ, ఆమె కాపాడిన గీత ఆమెకు మాత్రం కలిసిరాలేదు.

ఇంకో సంగతి మిగిలింది. వెస్ట్‌మినిస్టర్ చట్టం ఇచ్చిన రక్షణ వెస్ట్‌మినిస్టర్ ఎన్నికలకే వర్తిస్తుంది. 1999లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో వేల్స్ శాసనసభ ఏర్పడినప్పటి నుంచి పార్లమెంటు నియోజకవర్గాల పేర్లతోనే సభ్యులను ఎన్నుకున్నారు. అనిస్ మోన్ నుంచి మొదట యెయాన్ విన్ జోన్స్, ఆయన 2013లో తప్పుకున్నాక ఉపఎన్నికలో రున్ అప్ యోర్వర్త్ గెలిచారు. 2023లో ప్లయిడ్ కమ్రి పార్టీ పగ్గాలు అందుకున్నది కూడా ఈ యోర్వర్తే. సెనెద్‌గా పేరు మారిన ఆ సభ 2024లో తన ఎన్నికల విధానాన్ని పూర్తిగా మార్చుకుంది. సభ్యుల సంఖ్య 60 నుంచి 96కు పెరిగింది. 2026 మే ఎన్నికలకు గాను 32 పార్లమెంటు స్థానాలను రెండేసి చొప్పున జతచేసి 16 నియోజకవర్గాలు చేశారు, ఒక్కొక్కదానికి ఆరుగురు సభ్యులు, పార్టీ జాబితాల ప్రకారం దామాషా పద్ధతి.

జతకట్టక తప్పనప్పుడు దీవికి రెండే దారులు: దక్షిణాన ద్వివోర్ మెయిరియొనిద్, లేదా జలసంధికి ఎదురుగా బాంగోర్ అబర్‌కాన్వీ. రెండోదానితోనే కలిపారు, కొత్త స్థానం పేరు బాంగోర్ కాన్వీ మోన్. 2012లోనూ 2018లోనూ వెస్ట్‌మినిస్టర్ చేయలేకపోయిన పని, అంటే దీవినీ బాంగోర్‌నూ ఒకే స్థానంగా కట్టడం, కార్డిఫ్ చట్టం పెద్ద గొడవ లేకుండా చేసేసింది. ఒక్క సభ్యుడే ఉండే పద్ధతిలో వేరే ప్రాంతంతో కలవడమంటే తమ గొంతు పోతుందేమోనన్న భయం ఉంటుంది. ఆరుగురు ఉండే పద్ధతిలో ఆ భయం కొంత తగ్గుతుంది, అందుకే ప్రతిఘటన మెత్తగా ఉందనుకోవచ్చు. ఈ జతలు కూడా 2026 ఎన్నికలకు మాత్రమే ఉద్దేశించినవి. 2030 సెనెద్ ఎన్నికలకు ముందు వేల్స్ ప్రజాస్వామ్య, సరిహద్దుల సంఘం పూర్తిస్థాయి పునర్విభజన చేయాలి, ఆ పనిలో వెస్ట్‌మినిస్టర్ గీతలను అనుసరించవలసిన అవసరం లేదు. వెస్ట్‌మినిస్టర్ స్థానాల తదుపరి సమీక్ష నివేదిక 2031 అక్టోబరు నాటికి రావాలి. దానిలో వేల్స్‌లోని తక్కిన స్థానాలన్నింటి ఓటర్లనూ మళ్లీ సగటుతో సరిచూస్తారు. అనిస్ మోన్ పేజీలో సరిచూడవలసిన అంకె ఉండదు.